జేబులో పట్టిన జీపు

విమానాల షెడ్డులో, ఇంజను హోరు మధ్య నుంచి పైలట్ ఫోనులో అరిచాడు: "ఒసేయ్, జీపీఎస్ కొన్నా!"

ఇటు కుక్కరు కూతలో భార్యకు "జీపు కొన్నా" అని వినబడింది. సాయంత్రానికల్లా వీధి వీధంతా ఆ జీపెక్కేసింది. పక్కింట్లో ఉండే పెద్దాడపడుచు ముందు సీటు ఖాయం కూడా చేసేసుకుంది.

పైలట్ మాత్రం నడిచే వచ్చాడు. చొక్కా జేబులోంచి అరచేతిలో ఇమిడే డబ్బా ఒకటి తీశాడు.

"చక్రాలేవండీ?"

"విమానానికి ఉన్నాయిగా. ఇది దారి చూపిస్తుందే, అంతే."

ఆవిడ నవ్వలేదు. చిన్న విమానంలో తిరుగుతూ పైనుంచి పొలాల ఫొటోలు తీయడం ఆయన పని. పోయిన నెల పొగమంచులో దారి తప్పి, పెట్రోలు అడుగంటి, ఎవరిదో చేలో దిగాడు. ఫోనులో ఆయన గొంతు వినబడేదాకా ఆవిడ గుమ్మం వదల్లేదు. ఇక ఎగరడం మానెయ్యమని ఆ రోజే తేల్చి చెప్పింది. ఈ డబ్బా దానికి ఆయన జవాబు.

"రేపు నేనూ ఎక్కుతా. ఇది మనల్ని సరిగ్గా తెచ్చి దింపిందా, ఎగరండి. లేదంటే మీరు నేలమీదే," అంది. వీధికి సంజాయిషీ అప్పటిదాకా వాయిదా పడింది.

మర్నాడు పొద్దున వెళ్లేటప్పుడు కింద ఏరు, రైలు పట్టాలు, బొమ్మల్లాంటి లారీలు. వచ్చేటప్పుడు మంచు కమ్మేసింది. నేలా లేదు, ఆకాశమూ లేదు. పాలగిన్నెలో పడ్డ రెండు చీమల్లా ఉన్నారు. డబ్బా తెరమీద మాత్రం గోరంత విమానం ఒక గీత వెంట పాకుతోంది. గీత కుడికి తిరిగింది. ఆయన చెయ్యి ఎడమకు లాగింది.

"ఏరు ఇటే ఉంది. ఇన్నేళ్లూ నా ముక్కునే నమ్ముకున్నా."

"ఆ ముక్కుసూటిగా పోయే కదూ, చేలో దిగారు? ఇంట్లో నా మాట ఎలాగూ వినరు, దాని మాటైనా వినండి!"

ఆయన పళ్లు బిగబట్టి కుడికి తిప్పాడు.

"పైనుంచి మనల్ని ఎవరు చూస్తున్నారండీ?" ఆవిడ గొంతు దానంతటదే తగ్గింది.

"ఎవరూ చూడరే. ఎంతో ఎత్తున ఉపగ్రహాలు తిరుగుతూ టైం చెబుతూ పోతాయి. ఒక్కోదాని మాట ఎంత ఆలస్యంగా చేరిందో చూసుకుని, మనం ఎక్కడున్నామో ఇదే లెక్క కడుతుంది."

ఆవిడ డబ్బామీద చెయ్యి వేసింది. కోడిపిల్లలా వెచ్చగా ఉంది. తామిద్దరూ ఉన్నట్టే ఆ ఉపగ్రహాలకు తెలియదు. అయినా చెబుతున్నాయి. వినేవాళ్లెవరని అడక్కుండా చెబుతున్నాయి.

మంచు చిరిగింది. సరిగ్గా విమానం ముక్కు కింద, గీసిన గీతలా రన్‌వే.

ఇంటి ముందు వీధి వీధంతా నిలబడి ఉంది.

"జీపేదే మరదలా?" అంది పెద్దాడపడుచు.

ఆవిడ డబ్బా పైకెత్తి చూపించింది. "ఇదే వదినా. మీ తమ్ముడు జీపీఎస్ అన్నాడు, కుక్కరు మధ్యలో కూసింది, నేను జీపన్నాను. ఇది విమానానికి దారి చూపే డబ్బా. రేపట్నుంచి ఆయన్ని ఎగరనిస్తున్నా. ఏనాడూ టైంకి ఇల్లు చేరని మనిషిని, టైం చెప్పేవాళ్లే తెచ్చి దింపారు." ఉపగ్రహాల సంగతి కూడా అందరికీ విడమరిచి చెప్పింది.

అందరూ నవ్వారు. వదిన మాత్రం తల పైకెత్తింది. "ఇప్పుడు కూడా చెబుతున్నాయా?"

"చెబుతూనే ఉన్నాయి."

ఒక్కొక్క తలే పైకి లేచింది.