గవర్రాజు ఎడమచేతి అక్షరాలు

నేను ఒక ఫాంటును. కంప్యూటర్లో మీరు టైపు చేసే మాటలకు చేతిరాత రూపం ఇస్తాను. నన్ను చూసినవాళ్లు ఎవరో తీరిగ్గా కూర్చుని సరదాగా రాశారనుకుంటారు. నన్ను రాసిన మనిషికి మాత్రం ఒక్కో అక్షరం ఒక్కో గండం.

ఆయన పేరు గవర్రాజు. కాకినాడలో సైన్‌బోర్డులు రాసేవాడు. పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయింది. ఎడమచేత్తో రాయడం అలవాటు చేసుకోమని డాక్టరు చెబితే, పాత కేలండర్ల వెనక అఆలు దిద్దడం మొదలుపెట్టాడు. గుడులు పక్కకు ఒరిగేవి, తలకట్లు జారిపోయేవి. రాసిన కాగితాన్ని రాసినట్టే ఉండచుట్టి విసిరేసేవాడు. ప్రింటింగ్ షాపులో డిజైనరుగా పనిచేసే ఆయన కూతురు నీలవేణి వాటిని ఏరి, మడతలు సాపుచేసి, స్కాన్ చేసి, నెలల తరబడి కూర్చుని నన్ను తయారుచేసింది. తండ్రికి మాత్రం చెప్పలేదు.

ఇంటర్నెట్‌లో పెడితే జనానికి నేను నచ్చాను. పచ్చడి సీసాల మీద, పిల్లల పుస్తకాల అట్టల మీద, సీమంతం కార్డుల మీదకెక్కాను. ఒక ప్లీడరుగారు ముచ్చటపడి నాతో నోటీసు కొట్టిస్తే, అందుకున్నవాడు శుభలేఖ అనుకుని సంతోషించాడట. మనుషులు మాట చదవకముందే దాని ముఖం చూస్తారు మరి.

ఒకరోజు కూతురితో ఆటోలో ఆసుపత్రికి వెళ్తూ గవర్రాజు ఒక కర్రీపాయింటు బోర్డు మీద నన్ను చూశాడు. ఆటో ఆపించాడు.

"ఈ బోర్డెవరు రాశారండీ?"

"కంప్యూటర్ అక్షరాలండి," అన్నాడు కొట్టాయన. "ఇంట్లోవాళ్లు రాసినట్టుందని పెట్టించానండి."

గవర్రాజు కూతురి వైపు తిరిగాడు. "నా అవిటి చెయ్యి ఊరందరికీ చూపిత్తన్నావా అమ్మా?"

ఆ తర్వాత ఆమెతో మాట్లాడలేదు. అన్నం పెట్టినా మౌనంగా తిని లేచేవాడు. ఆ మౌనం భరించలేక ఒక ఆదివారం నీలవేణి నన్ను తుడిచేయడానికి కంప్యూటర్ ముందు కూర్చుంది. నా పని అయిపోయిందనుకున్నాను.

"ఏం చేత్తన్నావ్?" వెనక నుంచి గవర్రాజు.

"తీసేస్తన్నాను నాన్నా. నిన్నడక్కుండా తీసుకోడం తప్పే. నాకవి బాగున్నాయి, అంతే."

తెరమీద నా అక్షరాలన్నీ వరసగా నిలబడి ఉన్నాయి. నలగని తన అక్షరాలన్నిటినీ ఒక్కచోట ఆయన అప్పుడే మొదటిసారి చూశాడు. తెరమీద వేలుపెట్టి ఒక్కో అక్షరమే చూసుకుంటూ పోయాడు.

"ఉంచు," అన్నాడు చివరికి. "ఆ 'ళ' మాత్రం నడుం విరిగినట్టుంది. కాగితమియ్యి."

సాయంత్రం దాకా రాశాడు. ఒకటి కుదిరింది.

"పాతది తీసి ఇది పెట్టనా నాన్నా?"

"రెండూ ఉంచు. మనిషన్నోడు ఎప్పుడూ ఒకేలా రాత్తాడేంటి?"

మొన్న ఒక చీరల కొట్టుకు 'కళకళ' అని నాతో పెద్ద బోర్డు పెట్టారు. నీలవేణి అమర్చినట్టే, మొదటి 'ళ' పాతది, రెండోది కొత్తది. దారిన పోయేవాళ్లెవరూ గమనించలేదు. గవర్రాజు ఎదురుగా ఎండలో నిలబడి తనివితీరా చూశాడు. ఇంటికి పోయి, రెండోది కాస్త లావైందని మళ్లీ కాగితం అడిగాడు.