గోలమ్మ

బౌలర్ పరుగు మొదలుపెట్టగానే ఆమె ఎడమచేతి బొటనవేలు మొదటి మీటను వెంట్రుకవాసి పైకి జరిపింది. చెవుల్లో వేలమంది గుసగుస కొంచెం చిక్కబడింది. బంతి బ్యాటుకు తగలకుండా కీపర్ చేతుల్లోకి పోయింది. కుడిచేతి చూపుడువేలు ఐదో మీటను తాకి వదిలింది. జనం సగం గొంతుతో 'అయ్యో' అన్నారు. మొదటి ఓవర్లోనే నిండు 'అయ్యో' ఖర్చుపెట్టేస్తే సాయంత్రానికి ఏం మిగులుతుంది?

ఎదురుగా తెర మీద కనిపిస్తున్న మైదానంలో వేలమంది లేరు. ఒక పక్క రెండు బస్సుల బడిపిల్లలు, ఇంకో పక్క ఆటగత్తెల బంధువులు, గొడుగు కింద ఒక ముసలాయన, అంతే. ఆడవాళ్ళ సిరీస్ మొదటి మ్యాచ్‌ని ఉన్నదున్నట్టు ప్రసారం చేస్తే, చావింట్లో కూర్చున్నట్టుందని చూసినవాళ్ళు రాశారు. అందుకని రెండో మ్యాచ్ నుంచి ఆమెను ఈ గదిలో కూర్చోబెట్టారు. ఇప్పుడు అదే జనం 'ఏం ఊపు, ఏం అభిమానం' అని మురిసిపోతున్నారు. ఒకాయనైతే టికెట్లు దొరకవేమోనని రాకుండా ఊరుకున్నానని రాశాడు. పాపం, ఆయన వచ్చుంటే ఒక మనిషి పెరిగేవాడు.

గది ఆరడుగుల వెడల్పు. కిటికీ లేదు. గోడల నిండా బూడిదరంగు స్పాంజి. మీటలు ఎనిమిది, కింద ఆమె చేత్తోనే రాసి అతికించిన కాగితాలు: గుసగుస, చప్పట్లు, ఫోరు, సిక్సు, అయ్యో, వికెట్, ఈలలు, గెలుపు. మొదటిది ఎప్పుడూ కిందికి పడకూడదు. పడితే ఇళ్ళలో టీవీలు పాడయ్యాయనుకుంటారు. బౌలర్ పరుగుతో పాటు అది పెరగాలి, బంతి పడ్డాక తగ్గాలి. అందుకే ఆమె ఎడమచెయ్యి ఆట ఆగితే తప్ప దాని మీద నుంచి లేవదు. కుర్చీ చేతి మీద రెక్సిన్ చిరిగి మోచెయ్యి ఆకారంలో గుంట పడింది. ఆమెకు యాభై మూడేళ్ళు. హెడ్‌ఫోన్ పట్టీ ఒరిపిడికి నడినెత్తిన జుట్టు పలచబడి బాటలా కనిపిస్తుంది.

నోట్లో నాలుక లేని ఈ మనిషికి ఆఫీసులో గోలమ్మ అని పేరు పెట్టారు. పెట్టినవాడు ఉద్యోగం మానేసి పోయాడు గానీ పేరు మిగిలింది. పడుచుదనంలో మైకు పట్టుకుని మగవాళ్ళ మ్యాచ్‌లకు తిరిగి, గ్యాలరీ కటకటాల పక్కన నిలబడి ఈ అరుపులన్నీ రికార్డు చేసి తెచ్చింది ఆమే. ఆ అరిచినవాళ్ళలో ఎవడు ముందు ఈల వేస్తాడో, ఎవడికి మధ్యలో దగ్గొస్తుందో ఆమెకు తెలుసు. పెళ్ళిమాట రెండుసార్లు వచ్చింది. రెండుసార్లూ మ్యాచ్‌లున్న నెలల్లోనే వచ్చింది. వాయిదా వేద్దామన్నారు, సరేనంది. ఇరవై ఆరేళ్ళ ఉద్యోగంలో ఆమె ఎక్కువసార్లు పలికిన మాట ఆ 'సరే'నే. అక్కా బావల ఇంట్లో మధ్యగది ఆమెది. వాళ్ళకు పిల్లల్లేరు, ఈమెకు ఇంకో ఇల్లు లేదు. అలా రోజులు గడిచిపోయాయి.

ఆ అక్క ఇప్పుడు ఆసుపత్రిలో ఉంది. ఊపిరితిత్తుల్లో నీరు. రెండు రోజులో నాలుగు రోజులో చెప్పలేమని డాక్టరు అన్నాడు. ఇవాళ సెలవు అడిగింది. ఈ పని తెలిసిన రెండోవాడి భార్యకి పురిటి రోజులు, ఆఖరి మ్యాచ్ అమ్మా, ఈ ఒక్కరోజు అన్నాడు డైరెక్టర్. సరే అంది.

నిన్న సాయంత్రం అక్క ముక్కు మీది గొట్టం సర్దుకుంటూ నవ్వింది.

"రేపు నేను చూస్తా. వార్డులో టీవీ ఉంది. మగాళ్ళ గొంతులతో ఆడపిల్లలకి ఈలలేంటే, సిగ్గు లేకుండా?"

"ఆడవాళ్ళ గొంతులు నా దగ్గర లేవక్కా. ఎప్పుడూ ఎవరూ అడగలేదు."

"సర్లే. ఆ ఎడమచేతి పిల్ల బ్యాటింగుకి వస్తే మాత్రం పిసినారితనం చెయ్యకు. నాకోసం గట్టిగా వెయ్యి."

"సరే."

మధ్యాహ్నం దాకా అవతలి జట్టు ఆడి రెండు వందల ముప్పై చేసింది. ఆమె మీటల ముందే రొట్టె తిని నీళ్ళు తాగింది. రెండో ఇన్నింగ్స్‌లో సగం దాటాక మంచినీళ్ళ విరామంలో గార్డు తలుపు తోసి తల లోపల పెట్టాడు. ఫోన్లు బయట పెట్టెలో పెట్టడం ఇక్కడి నియమం.

"మీ బావగారు ఆఫీసుకి ఫోన్ చేశారమ్మా. ఆయాసం ఎక్కువైందట. కుదిరితే ఇప్పుడే బయల్దేరమన్నారు."

ఆమె హెడ్‌ఫోన్ మైకులో డైరెక్టర్‌ని పిలిచింది.

"అక్కకి బాగాలేదు బాబూ. నేను వెళ్ళొచ్చా?"

అతను చెడ్డవాడేం కాదు. "పదహారు ఓవర్లున్నాయమ్మా. ఇప్పుడు జనం ఒక్కసారి చచ్చూరుకుంటే నన్ను పై వాళ్ళు బతకనివ్వరు. అయిపోగానే నా కారు ఇస్తా. మీకోసం గుమ్మంలో రెడీగా ఉంటుంది."

"సరే," అంది.

ఆ మాట నోట్లోంచి ఊడిపడ్డాక తన నాలుకను తానే కొరుక్కోవాలనిపించింది. ఆట మళ్ళీ మొదలైంది. జట్టుకు తొంభై పరుగులు కావాలి, చేతిలో నాలుగు వికెట్లున్నాయి. ఆమె లెక్క వేరేగా వేసుకుంది. నలుగురూ అవుటైపోతే పావుగంటలో పని అయిపోతుంది. ఓడిన జట్టుకి చప్పట్లు అర నిమిషం చాలు. గెలిస్తే మాత్రం ఆఖరి ఓవర్ దాకా ఆట, ఆ పైన కప్పు, ఫొటోలు, మైదానం చుట్టూ పరుగు, ఇంకో అరగంట. ఇరవై ఆరేళ్ళలో మొదటిసారి ఆమె ఓడిపోండర్రా అనుకుంది. అనుకుని సిగ్గుపడింది. అయినా మానలేదు.

ఒక వికెట్ పడింది. వేళ్ళు 'అయ్యో'ని నిండుగా పలికించాయి, ఊరంతా గుండె బాదుకున్నంత. లోపల మాత్రం ఆమెకు ప్రాణం లేచొచ్చింది. ఇంక ముగ్గురే. తరవాతి పిల్ల ఎడమచేత్తో బ్యాటు ఊపుకుంటూ మైదానంలోకి వస్తోంది. పందొమ్మిదేళ్ళుంటాయేమో, హెల్మెట్ కింద నుంచి జడ.

ఆ పిల్ల మొదటి బంతిని ఊరికే పక్కకి నెట్టి ఒక్క పరుగు తీసింది. గోలమ్మ నాలుగు మీటలు కలిపి పైకి తోసేసింది. ఒంటి పరుగుకి జనం ఈలలు, కేకలు, సిక్సు కొట్టినంత గోల. వ్యాఖ్యానం చెప్పే ఆవిడ తడబడి 'ఈ అమ్మాయంటే ఇక్కడ చాలా ఇష్టంలా ఉంది' అంది. తెర మూలన గడియారం నాలుగూ ఇరవై అయిదు చూపిస్తోంది.

"ఏంటమ్మా అది? ఒక్క పరుగుకే?" చెవిలో డైరెక్టర్.

"చెయ్యి జారింది బాబూ."

అక్క వినే ఉంటుంది. విని, గొట్టం వెనక నవ్వే ఉంటుంది. ఆ తృప్తి రెండు ఓవర్లు నిలిచింది. తరవాత ఇక కూర్చోలేకపోయింది. ఎడమచెయ్యి తీసి లేచి నిలబడింది. గుసగుస కిందికి జారింది. చెవుల్లో మైదానం అసలు నిశ్శబ్దం వినబడింది, ఎక్కడో ఒక పిల్ల ఒంటరి కేక. తలుపు రెండడుగుల దూరంలో ఉంది. దానికి గడియ లేదు, తాళం లేదు. ఎవరూ ఆమెను కట్టెయ్యలేదు. "అమ్మా, సౌండ్, సౌండ్!" అని అరుస్తున్నాడు అతను. ఆమె కూర్చుని మీట పైకి తోసింది. తన మీద తనకే పట్టరాని కోపం వచ్చింది.

ఎడమచేతి పిల్ల అవుట్ కాలేదు. ఈ పక్క ఇద్దరు వెళ్ళిపోయినా ఆ పక్క అది నిలబడింది. ఆఖరి ఓవర్లో ఫోరు కొట్టి గెలిపించింది. గోలమ్మ ఎనిమిదో మీటను చివరంటా తోసి, కళ్ళనీళ్ళు కారుతుంటే, తుడుచుకోవడానికి ఖాళీ చెయ్యి లేక, అలాగే పట్టుకుని కూర్చుంది. కప్పు ఇచ్చారు, ఫొటోలు తీశారు, గెలిచిన పిల్లలు మైదానం చుట్టూ పరిగెత్తారు. పరిగెత్తినంతసేపూ ఆమె వేలమందిని అరిపించింది.

డైరెక్టర్ అన్నట్టే కారు గుమ్మంలో ఉంది.

వార్డు బయట బల్ల మీద బావ కూర్చుని ఉన్నాడు. చేతులు రెండూ మోకాళ్ళ మీద పెట్టుకుని, ఎవరో ఫొటో తీస్తున్నట్టు నిటారుగా. ఆమెను చూసి జరిగి చోటిచ్చాడు.

"ఎప్పుడు బావా?"

"నాలుగున్నర దాటాక. ఎక్కువ బాధ పడలేదు. మ్యాచ్ చూస్తూనే ఉంది. ఆ ఎడమచేతి పిల్ల వచ్చేదాకా కళ్ళు మూసుకోనంది."

ఆమె అడిగింది. "నేను వేసిన గోల విందా? ఒక్క పరుగుకే వేశా, పెద్దగా."

బావ ఆమె మొహంలోకి అర్థం కానట్టు చూశాడు.

"ఇక్కడ టీవీకి సౌండ్ పెట్టనివ్వరమ్మా. అందరూ రోగులు కదా. పొద్దున్నించీ మూగబొమ్మే."

బావ కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ చెప్పాడు.

"గోలంతా మీ అక్కే చేసింది. ఆ పిల్ల రాగానే చెంచా తీసుకుని మంచం కడ్డీ మీద టంగుటంగున కొట్టడం. నర్సు రెండుసార్లొచ్చి కోప్పడింది. 'ఒక ఆడగొంతైనా ఉండాలి కదయ్యా' అంది మీ అక్క నాతో. గొంతేదీ, లేస్తేగా. చెంచాతోనే."

ఇద్దరూ లోపలికి వెళ్ళారు. అక్క మీద మెడదాకా దుప్పటి కప్పి ఉంది. గోలమ్మ పక్కన నిలబడి ఆ చల్లటి చేతిని పట్టుకుంది. ఎదురు గోడ మీద టీవీలో పొద్దుటి ఆట మళ్ళీ వేస్తున్నారు, చప్పుడు లేకుండా. బావ అల్మరా తెరిచి చీర, దువ్వెన, మందుల చీటీలు సంచిలో సర్దడం మొదలుపెట్టాడు.

పక్కబల్ల మీద, నీళ్ళగ్లాసు పక్కన, స్టీలు చెంచా బోర్లా పడి ఉంది. కాడ దగ్గర కొంచెం వంగి, అంచున మంచం కడ్డీ లేతాకుపచ్చ రంగు అంటుకుని.