కెమెరా నుదురు

ఆ వారమంతా ఎవరైనా ‘బాడీ’ అన్నా, ‘లెన్సు’ అన్నా సాయిశంకర్‌కి ఒళ్లు మండిపోయేది. ముందు ఆ మాటలెత్తింది తనే, అదే వచ్చిన చిక్కు. మల్కాపురం మెయిన్ రోడ్డులో ఫోటో స్టూడియో పెట్టుకుని, దాని గుమ్మంలో నిలబడి, వచ్చేవాణ్ణీ పోయేవాణ్ణీ ఆపి, “కెమెరాకి కొత్త బాడీ కొనీమంటారా, ఉన్న బాడీకే మంచి లెన్సు కొనీమంటారా” అని అడిగితే ఎవరు మాత్రం నోరు మూసుకుంటారు? టీ కొట్టాయన బాడీ అన్నాడు. జెరాక్సు షాపాయన లెన్సు అన్నాడు. ఫోన్లో వీడియోలు చేసి పెట్టే ఓ పెద్దమనిషి ఇరవై నిమిషాలు బాడీ గొప్పదనం చెప్పి, చివర్లో, అసలు ఫోటో అంతా లెన్సులోనే ఉంది మిత్రులారా అని దండం పెట్టి వెళ్లిపోయాడు. ఇద్దరు మాత్రం, రెండూ కొనుక్కోవచ్చు కదా అన్నారు. ఆ మాటకి సాయిశంకర్ లోపలికొచ్చి ఫ్యాను పెద్దది చేసుకున్నాడు.

అతని దగ్గరున్నది ఒకటే కెమెరా, దానికి ఒకటే లెన్సు. పన్నెండేళ్లుగా ఆ రెండింటితోనే పెళ్లిళ్లూ, ఓణీల ఫంక్షన్లూ, పుట్టినరోజులూ లాక్కొచ్చాడు. చేతిలో ఉన్న డబ్బు కొత్త బాడీకో, కొత్త లెన్సుకో, ఏదో ఒక్కదానికే వస్తుంది. పొరపాటున అక్కర్లేనిది కొన్నాడో, అంతే సంగతులు.

తెగులు మొదలైంది దసరా వెళ్లిన తర్వాత. పగటి పూట ఎండలో తీస్తే ఫోటో నిక్షేపంలా వచ్చేది. పెళ్లి మండపంలో ఎదురుగా లైట్లు పడ్డాయంటే మాత్రం బొమ్మంతా పాలు ఒలికినట్టు తెల్లబడిపోయేది. నెలనెలా ఆ తెలుపు ఇంకాస్త పెరిగింది. పోర్టులో కళాసీగా చేసే కామరాజు కూతురి పెళ్లి ఆల్బం పట్టుకొచ్చి బల్ల మీద పడేసి, “పెల్లి మల్కాపురంలో సేసినాం గానీ నువ్వు కాస్మీర్లో తీసినట్టున్నావు బాబూ, మా పిల్ల మొకం మీద మంచు కురిసిందేటి” అన్నాడు. ఆ మాట నవ్వుతూ అన్నాడు కాబట్టి మరీ బాధేసింది.

ఇంకో పక్క బావ వెంకటేష్. వెంకటేష్ అంటే సాయిశంకర్ భార్య సత్యశ్రీకి అన్నగారు, స్టీల్ ప్లాంట్‌లో ఒక కాంట్రాక్టరు కింద సూపర్‌వైజరు. మనసు మంచిదే. నోరే క్షణం ఊరుకోదు. బేరాలు పడిపోతున్నాయని తెలిసినప్పటి నుంచి, షట్టర్ దించేసి తన దగ్గర పనిలోకి వచ్చెయ్యమని పోరు పెడుతున్నాడు. చివరికి సోమవారమని ముహూర్తం కూడా పెట్టేశాడు.

“ఆదివారం గంగరాజు గారి పెల్లి ఉంది బావా, అది తీసినాక సూద్దాం” అన్నాడు సాయిశంకర్ ఫోన్లో.

“అదీ మంచులోనే తీత్తావేటి?”

“కెమెరా మారుత్తన్నాను.”

“అయితే బాడీ కొను. నా మాటిను. పెల్లిలో అందరూ నీ సేతిలో ఉన్నదాన్నే సూత్తారు. పెద్ద కెమెరా ఉంటే పెద్ద ఫొటోగ్రాఫరు. లెన్సులో గాజు ఎలాగుందో ఎవడు సూసొచ్చినాడు?”

“ఫొటోలో సూత్తారు బావా.”

“ఫొటో ఎప్పుడో నెల తరవాత కదా.”

ఇలాంటి మనిషితో ఏం వాదిస్తాం. సాయిశంకర్ ఫోన్ పెట్టేశాడు. గంగరాజు ఫిషింగ్ హార్బర్‌లో రెండు బోట్లున్న ఆసామి. ఆ పెళ్లి బాగా తీస్తే ఆ చుట్టాల్లోనే ఏడాదికి సరిపడా బేరాలు. అదీ తెల్లబడిందంటే సోమవారం నెత్తిన హెల్మెట్ పెట్టుకుని గేటు ముందు వరసలో నిలబడడమే. ఆ పని తక్కువదని అతను అనుకోవడం లేదు. వాళ్ల నాన్న జగ్గారావు పోర్టులో ముప్పై ఏళ్లు క్రేను నడిపి ఈ ఇంటిని నిలబెట్టాడు. కానీ సాయిశంకర్‌కి వచ్చిందీ, నచ్చిందీ ఫోటో తియ్యడం ఒక్కటే. ముప్పై ఎనిమిదేళ్లకి దాన్ని వదులుకోమంటే గుండె ఒప్పుకోవడం లేదు.

ఇంట్లో కూడా అదే గోల. సత్యశ్రీ కంప్యూటర్ ముందు కూర్చుని ఆల్బం పని చూస్తుంది. “నాకు బాడీ తెలవదు, లెన్సు తెలవదు. ఒక్కో ఫొటోకీ అరగంటసేపు ఆ తెలుపు గోకలేక నా కల్లు పోతన్నాయి. ఏదోటి కొను, లేదంటే మా అన్న మాటిను” అంది.

తల్లి కాశమ్మది మరో దారి. “అది దిష్టిరా. నీ నాయిన హెల్మెట్‌కి శుక్రోరం శుక్రోరం బొట్టెట్టి పంపీదాన్ని. ముప్పై ఏల్లు అంతెత్తు ఎక్కి దిగినాడు, ఒంటి మీద గీత పడ్నేదు” అంది.

“అమ్మా, నువ్వు కూడానా” అని సాయిశంకర్ దండం పెట్టాడు. ఆమె లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. కొడుకు బేరాలు పడిపోయిన దగ్గర్నుంచి శుక్రవారం పూజ మాత్రం ఇంకాస్త ఎక్కువసేపు చేస్తోంది, అంతే.

తల ప్రాణం తోకకొచ్చి, బుధవారం నాడు సాయిశంకర్ బస్సెక్కి ఊళ్లోకి వెళ్లాడు. అక్కడ కెమెరాలు బాగుచేసే భీమశంకరరావు గారున్నారు. గోదావరి వైపు నుంచి వచ్చి ముప్పై ఏళ్లుగా ఇక్కడే స్థిరపడ్డ మనిషి. బాడీయా, లెన్సా అని సాయిశంకర్ మొదలుపెట్టేసరికి ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

“ఆగండి బాబూ. రోగాన్ని చూడకుండా మందు కొనేస్తారేంటండి?”

ఆయన లెన్సు ఊడదీశాడు. చిన్న టార్చి తీసి అద్దం మీదకి ఏటవాలుగా వేశాడు. అటూ ఇటూ తిప్పి చూసి, టార్చి సాయిశంకర్ చేతికిచ్చి, మీరే చూసుకోండి అన్నాడు. పైకి శుభ్రంగా కనబడే అద్దం ఆ వెలుతురులో మరోలా ఉంది. నడిమధ్యన అర్ధరూపాయంత మేర సన్నగీతలు, ఒకదాని మీద ఒకటి, గుండ్రంగా. అద్దం మీద ఉండాల్సిన పూత అక్కడ అసలు లేనే లేదు.

“ఎదురుగా లైటు పడితే ఈ గీతలన్నీ వెలుగుతాయండి. ఫోటో తెల్లబడక ఏం చేస్తదండి? మీ బాడీకి ఇంకో అయిదేళ్లు ఢోకా లేదు. లెన్సు మార్చుకోండి చాలు” అన్నాడు భీమశంకరరావు. తర్వాత టార్చి వెనక్కి తీసుకుంటూ, “ఎవరండీ దీన్ని ముగ్గుతో తోమింది? లాంతరు చిమ్నీ అనుకున్నారా ఏంటి?” అన్నాడు.

సాయిశంకర్‌కి సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. వారం రోజులు ఊరందర్నీ అడిగిన ప్రశ్నకి జవాబు రెండు నిమిషాల్లో దొరికింది. కానీ తోమింది ఎవరు? గురువారం లెన్సు కొని తెచ్చాడు గానీ మనసు మనసులో లేదు. పాతదాన్ని పాడుచేసిన చెయ్యి ఏదో తెలియకుండా కొత్తదాన్ని ఇంట్లో ఎలా పెట్టడం?

సాయంత్రం సత్యశ్రీని నిలదీశాడు. “నీ కెమెరా నాను ముట్టుకుంటే కదా. కంప్యూటర్ తుడుసుకోడానికే తీరిక నేదు నాకు” అని ఆమె ఎదురు కోప్పడింది. బావకి ఫోన్ చేసి, మొన్న వచ్చినప్పుడు కెమెరా ఏమైనా తుడిచావా అని అడిగాడు. వెంకటేష్ అదేమీ వినిపించుకోకుండా, “అయితే లెన్సే కొనీసినావా, మరి నీ ఇట్టం” అని నిట్టూర్చాడు. కాశమ్మని అడగాలని అతనికి తట్టనే లేదు. దేవుడి గూట్లో దీపం వత్తి సరిచేసుకుంటున్న మనిషికి లెన్సుతో ఏం పని?

శుక్రవారం తెల్లవారుతూనే మెలకువ వచ్చింది. ముందు గదిలో గాజుల చప్పుడు. చూస్తే కాశమ్మ తలస్నానం చేసి, తడి జుట్టుకి తువ్వాలు చుట్టుకుని, బీరువా పక్కన నేల మీద కూర్చుని ఉంది. ఒళ్లో కెమెరా. కొత్త లెన్సు మూత తీసి పక్కన పెట్టింది. ఎడమ పక్కన విబూది పండు, కుడి పక్కన తడిపిన పసుపు. ఉంగరం వేలికి పసుపు అద్దుకుని, కళ్లు మూసుకుని ఏదో గొణుక్కుంటూ, ఆ వేలిని అద్దం మీదకి తెస్తోంది.

“అమ్మా.”

ఒక్క గంతులో వెళ్లి ఆమె మణికట్టు పట్టుకున్నాడు. వేలు అద్దానికి బెత్తెడు దూరంలో ఆగిపోయింది.

“ఏటమ్మా నువ్వు సేత్తన్నది?”

“బొట్టెడతన్నాను. కొత్తది కదా” అంది కాశమ్మ, ఇందులో అడగడానికేముందన్నట్టు.

“పాతదానికి కూడా ఇలాగే ఎట్టినావా?”

“దసరా నుంచీ శుక్రోరం శుక్రోరం ఎడతన్నాను. నీకు మరక కనబడకూడదని ఎంటనే ఇబూదేసి సుబ్బరంగా తుడిసీత్తన్నాను కూడా. సిమ్నీ తుడిసినట్టు తలతల్లాడిపోద్ది.”

సాయిశంకర్‌కి నెత్తురు తలకెక్కింది. కామరాజు ఆల్బం, బావ దెప్పుళ్లు, సత్యశ్రీ కళ్లు, వెళ్లిపోయిన బేరాలు, అన్నీ ఒక్కసారి నోటిదాకా వచ్చాయి. “అద్దం మీదెందుకమ్మా? అంత బాడీ ఉంది కదా, అద్దమే దొరికిందా నీకు?” అన్నాడు పళ్లు నూరుతూ.

“నువ్వే కదరా సెప్పినావు” అంది కాశమ్మ.

“నాను సెప్పినానా?”

“దసరాకి నాను పూజ సేసినపుడు బాడీ మీద బొట్టెడితే ఎంత ఇరుసుకు పడ్డావు. బొత్తాల సందుల్లో కుంకుమ ఇరుక్కుపోనాది, సెడిపోద్ది, బాడీ మీద సెయ్యెయ్యకన్నావు. అంచేత బొత్తాల్లేని సోటు సూసినాను. అద్దమైతే తుడిస్తే పోద్ది కదా.”

సాయిశంకర్ ఆమె మణికట్టు వదిలేశాడు. అన్నమాట నిజమే. ఆ రోజు పక్కింటివాళ్లు వినేంత గట్టిగా అరిచాడు కూడా. ఆ అరుపు విని ఆమె పూజ మానలేదు, చోటు మార్చిందంతే. బేరాలు తగ్గుతున్న కొద్దీ ఇంకాస్త భక్తిగా బొట్టు పెట్టింది, ఇంకాస్త గట్టిగా తుడిచింది, దాంతో అతని బేరాలు ఇంకాస్త తగ్గాయి. రెండు రోజులుగా దొంగ దొరికితే అనాలని దాచుకున్న తిట్లన్నీ గొంతులోనే ఉండిపోయాయి.

ఆమె పక్కనే నేల మీద కూలబడ్డాడు.

“నాయిన హెల్మెట్‌కి బొట్టు ఎక్కడెట్టేదానివి?”

“నుదుటి కాడ. ఇంకెక్కడెడతారు?”

“మరి ఇది దీనికి నుదురు కాదమ్మా, కన్ను. దీంతోనే సూత్తాది.”

కాశమ్మ కెమెరా వైపు చూసింది. అద్దంలో కిటికీ వెలుతురు చిన్నగా కనబడుతోంది. ఆమెకి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక పసుపు వేలు కొంగుకి తుడుచుకుని, చెయ్యి ఒళ్లోకి లాక్కుంది.

“అయితే ఇన్నాల్లూ దీని కల్లల్లో పసుపు కొట్టింది నానేనేట్రా?”

అబద్ధం చెబుదామా అనుకున్నాడు గానీ ఆమె మొహం చూస్తూ అబద్ధం రాలేదు. “నుదురెక్కడో నాను సెప్పలేదు కదమ్మా. కసురుకుని ఊరుకున్నాను” అన్నాడు.

కెమెరా చేతిలోకి తీసుకుని, లెన్సుకి సరిగ్గా పైన బాడీ గూనిలా లేచి ఉన్న చోటు వేలితో చూపించాడు. “ఇదిగో, ఇది నుదురు. ఇక్కడెట్టు. ఎప్పుడెట్టినా ఇక్కడే.”

“బొత్తాల్లోకి రాల్తాది.”

“రాల్నీ.”

కాశమ్మ ఈసారి పసుపు ముట్టలేదు. పొడి కుంకుమ చిటికెడు తీసుకుని, పసిపిల్లకి పెట్టినంత జాగ్రత్తగా అద్దింది. రెండు రవ్వలు రాలి బొత్తాం అంచున పడ్డాయి. సాయిశంకర్ వాటిని ఊదలేదు.

కొత్త లెన్సు సంగతి ఎలాగూ చూడాలి. ఆమెని కిటికీకి వీపు పెట్టి కూర్చోమన్నాడు. ఎండ సూటిగా లెన్సులో పడుతోంది, పాత లెన్సయితే బొమ్మంతా పాలే. క్లిక్ మంది. తెర మీద కాశమ్మ జుట్టులో ఒక్కో వెండ్రుకా విడివిడిగా మెరిసింది. కంటి చివర గీతలు, బుగ్గ మీద మచ్చ, ముక్కుపుడకలో రాయి, అన్నీ ఉన్నాయి.

కాశమ్మ తెర దగ్గరికి పెట్టుకుని చాలాసేపు చూసుకుంది. “ఇంత ముసిల్దాన్నైపోనానేట్రా నాను?”

“అంచేతే నీ పసుపు మంచిదమ్మా. ఇయ్యన్నీ దాసీసింది.”

ఆమె అతని భుజం మీద ఒక్కటి చరిచింది. నవ్వుతోంది గానీ కళ్లు నీళ్లతో నిండాయి. ఆ నీళ్లు కెమెరా మీద పడతాయేమోనని దాన్ని చటుక్కున కొడుక్కి ఇచ్చేసింది.

ఎనిమిదింటికి వెంకటేష్ ఫోన్ చేసి, సోమవారం ఆరింటికల్లా గేటు దగ్గరుండాలని చెప్పాడు. సోమవారం కుదరదనీ, ఆల్బం పనుంటుందనీ సాయిశంకర్ అన్నాడు. గంగరాజు పెళ్లికి ఇంకా రెండు రోజులుంది. వంటింట్లో కాశమ్మ కోడలికి కెమెరా నుదురెక్కడుంటుందో చెబుతోంది.