కత్తెర వార్డెన్ మూడో భాగం

ఆ ఆదివారం మా అక్క ఒక్క క్షణం ముందే కళ్ళు మూసుకుంది.

తెర మీద కత్తెర వార్డెన్ రెండో భాగం నడుస్తోంది, అప్పటికి ఏమీ జరగలేదు. హాస్టల్ మెట్ల మీద ఒక అమ్మాయి కొవ్వొత్తి పట్టుకుని కిందికి దిగుతోంది. కరెంటు పోయింది, బయట వాన, ఫోను పనిచెయ్యదు, అన్నీ మామూలే. సంగీతం కూడా ఇంకా పెరగలేదు. మెట్ల కింద నుంచి దయ్యం లేచి కత్తెర ఆడిస్తుందని మొదటిసారి చూసేవాళ్ళకు తెలిసే వీలు లేదు. అక్క మాత్రం రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుంది. ఆ తరువాతే దయ్యం లేచింది.

నేను దయ్యాన్ని చూడలేదు. అక్కను చూస్తున్నాను.

"ఇది చూశావా నువ్వు?" అన్నాను.

"ఎప్పుడు చూస్తానే? నువ్వు లేకుండా నేనెప్పుడైనా చూశానా?" అంది వేళ్ళ సందుల్లోంచి.

ఇలాంటి సినిమాలు చూస్తామని మేమెవరితోనూ చెప్పుకోం. నలుగురిలో మాట్లాడుకోదగ్గ సినిమాలు వేరే ఉంటాయి. మావి ఏ హాల్లోనూ ఆడవు. పాడుబడ్డ ఇల్లో, హాస్టలో, మూతపడ్డ ఆసుపత్రో, పగబట్టిన ఆత్మ, దాని చేతిలో ఏదో ఒక పనిముట్టు. రక్తం జామ్‌లా గడ్డలు గడ్డలుగా ఉంటుంది. చచ్చిపడున్నవాడి పొట్ట లేచి దిగుతుంటుంది. కత్తెర వార్డెన్ మొదటి భాగంలో దయ్యం తెల్ల గౌను కింద పరుగుపందేల బూట్లు వేసుకుంది. ఆ బూట్లు కనిపెట్టింది నేనే. అక్క సోఫా మీంచి జారి కిందపడి, నవ్వు ఆపుకోలేక దిండు నోట్లో కుక్కుకుంది. అంత నవ్వులోనూ భయం పోదు, అదే ఆ సినిమాల గొప్ప. భయం వేసినప్పుడు అక్క నా మణికట్టు పట్టుకుంటుంది. గోళ్ళు దిగి నెలవంకల్లా గుర్తులు పడతాయి. సోమవారం షాపులో గుడ్డను మిషను కిందికి తోస్తుంటే అవి నాకు కనబడుతుంటాయి. ఎవరైనా అడిగితే పిల్లి గీరిందని చెబుతాను.

దిండు ఎందుకంటే, పక్క గదిలో అక్క అత్తగారు పడుకుని ఉంటారు. ఆవిడ మా ఊరి బడికి పెద్ద టీచరమ్మ. అక్కా నేనూ ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్ళమే. నాలుగో తరగతిలో నేనొక దయ్యం కథ చెబితే ఒక పిల్ల జడుసుకుని ఒంటరిగా బాత్రూమ్‌కు పోనంది. టీచరమ్మ నన్ను సాయంత్రం దాకా వరండాలో నిలబెట్టారు. "లేనిది ఉన్నట్టు చెప్పి పదిమందినీ ఏడిపించడం తెలివి కాదు" అన్నారు. తరువాత వాళ్ళబ్బాయికి అక్కను చేసుకున్నారు. బావ లిఫ్టులు బాగుచేస్తాడు. ఆదివారాలు కూడా డ్యూటీయే. ఆవిడ రిటైరయ్యాక అందరూ ఈ ఊరొచ్చి మేడ మీద వాటాలో ఉంటున్నారు. నేను రెండు వీధుల అవతల కర్టెన్ల షాపులో కుడతాను. అక్క వాళ్ళ ముందు గదికి మందపాటి కర్టెన్లు నేనే కుట్టాను, నల్లటి లోగుడ్డ వేసి, మధ్యాహ్నం కూడా చీకటి పడేలా. ఆ చీకటి నాది. అందులో అక్క వేరే ఎవరితోనో కూర్చుందన్నది నాకు మింగుడు పడలేదు.

ఎవరితో?

బావ కాదు. సినిమాలో వేలు తెగితేనే లేచి బాల్కనీలోకి వెళ్ళిపోయే మనిషి. కింద వాటా ఆవిడకు కంటి ఆపరేషన్ అయింది. ఇంకెవరు? మిషను తొక్కుతూ అదే ఆలోచన.

షాపులో రింగులు కొట్టే మాస్టారు నా పక్క బల్ల దగ్గరే ఉంటాడు. కర్టెన్ పైఅంచుకు ఇత్తడి రింగులు సుత్తితో బిగించడం ఆయన పని.

"ఏంటమ్మాయ్, మడత వంకర పోతోంది. ధ్యాస ఎవరి మీద?" అన్నాడు.

"ఎవరి మీదా లేదు మాస్టారూ."

"లేదన్నావంటే ఉన్నట్టే. కుర్రాడు బాగుంటాడా?"

"కుర్రాడు కాదు."

ఆయన చేతిలో రింగు చేతిలోనే ఉండిపోయింది. "పెళ్ళైనవాడా? ఓరి నాయనో!"

"మా అక్క మాస్టారూ. నాకు చెప్పకుండా ఇంకెవరితోనో సినిమా చూసింది."

ఆయన నన్ను కాసేపు తేరిపార చూసి, సుత్తి అందుకుని రింగు మీద ఠపీమని కొట్టాడు. "దీనికన్నా పెళ్ళైనవాడే నయం" అన్నాడు.

ఆ వారం మధ్యలో ఒకింటికి కర్టెన్లు ఇచ్చి అక్క వాళ్ళ వీధిలోంచి వస్తున్నాను. తలెత్తి చూస్తే మేడ మీద కిటికీకి నా కర్టెన్లు పూర్తిగా లాగి ఉన్నాయి. వీధిలో అన్ని కిటికీలూ తెరిచి, బట్టలు ఆరుతూ, ఎండ లోపలికి పోతుంటే అదొక్కటే మూసుకుని ఉంది. మెట్లెక్కాను. తలుపు బయట చెప్పులన్నీ ఇంట్లోవాళ్ళవే. లోపల అక్క నవ్వుతోంది, ముక్కుతో గురక పెట్టినట్టుండే ఆ నవ్వు. దాని వెనకే ఇంకో నవ్వు, బొంగురుగా, దగ్గుతో కలిసి. అది నేనెప్పుడూ వినలేదు.

బెల్లు కొట్టాను. లోపల గిన్నె దొర్లింది. ఎవరో పరుగెత్తారు. అక్క తలుపు తీసేసరికి కర్టెన్లు తెరిచి ఉన్నాయి, టీవీలో ఒకాయన మొక్కలకు ఎరువు ఎప్పుడు వెయ్యాలో చెబుతున్నాడు. సోఫాలో, నేను కూర్చునే చోట, టీచరమ్మ నిటారుగా కూర్చుని ఆయన చెప్పేది చాలా శ్రద్ధగా వింటున్నారు. కింద పల్లీలు చెల్లాచెదురుగా పడున్నాయి.

"ఏమ్మా, పనివేళ వచ్చావు?" అన్నారు.

"కర్టెన్ మడత ఊడిందని అక్క చెప్పిందండీ."

"నేనెప్పుడు చెప్పాను?" అంది అక్క.

టీచరమ్మ కళ్ళజోడు సర్దుకోవడానికి చెయ్యెత్తారు. ఆ ముడతల మణికట్టు మీద నెలవంకలు, ఎర్రగా, ఇప్పుడే పడ్డవి.

నేను వంటింట్లోకి నడిచాను. అక్క వెనకే వచ్చింది.

"ఎప్పట్నించి?"

"ఏంటి?"

"అక్కా."

కుళాయి తిప్పింది, మాట పక్క గదిలోకి పోకుండా. "ఓ రోజు ఆవిడ నీళ్ళకని లేచొచ్చారే. టీవీ ఆపే టైము లేదు. తిడతారనుకున్నా. 'ఆ పిల్లకు బుద్ధుందా, చీకట్లో కిందికెందుకు దిగుతోంది?' అన్నారు. దిగకపోతే సినిమా ఎలా నడుస్తుందత్తయ్యా అన్నాను. కూర్చున్నారు. అంతే."

"నాకు చెప్పొచ్చుగా."

"చెప్పొద్దన్నారు. నీ ముందు తలెత్తుకోలేరట. నిన్ను వరండాలో నిలబెట్టింది ఆవిడకింకా గుర్తుంది."

"మరి రెండో భాగం నాతో మళ్ళీ ఎందుకు చూశావు? భయపడ్డట్టు నటిస్తూ?"

"నటించలేదే! ఒట్టు. రెండోసారి కూడా భయమే వేసింది."

అది విన్నాక నాకింకా మండింది. నటించి ఉంటే క్షమించేదాన్నేమో.

"సరే, తెలిసిపోయిందిగా. ఇంక దాచేదేముంది? ఆదివారం మూడో భాగం ముగ్గురం కలిసి చూద్దాం" అంది అక్క. ఆమె మొహం తేలికపడింది. బరువు దింపుకున్న మనిషిలా కుళాయి కట్టేసింది.

వారమంతా అక్క ఆవిడదే. పొద్దున్న కాఫీ ఆవిడతో, బట్టలు మడతపెట్టడం ఆవిడతో, కూరగాయలు తరగడం ఆవిడతో. నాకున్నది ఆదివారం మధ్యాహ్నం. అది కూడా కావలసి వచ్చిందా ఆవిడకు?

మూడో భాగం శుక్రవారం వచ్చింది. శనివారం భోజనాల వేళ షాపు వెనక గుడ్డ చుట్టల మధ్య కూర్చుని, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, ఫోనులో చూసేశాను. కడుపులో దురుద్దేశం పెట్టుకునే చూశాను. ఒకచోట దయ్యం చేతికి వాచీ ఉంది. ఎప్పుడో చచ్చిపోయిన వార్డెన్‌కు చేతివాచీ, అదీ నంబర్లు మెరిసే రకం! గబుక్కున పక్కకు తిరిగాను. పక్కన నీలం వెల్వెట్ చుట్ట ఉంది. సినిమా అయిపోయింది. వార్డెన్ ఆత్మ ఎవరి ఒంట్లో దూరిందో తెలిసింది.

ఆదివారం వెళ్ళేసరికి వాళ్ళిద్దరూ అప్పటికే సోఫాలో ఉన్నారు. ఆ సోఫా ఇద్దరికే సరిపోతుంది.

"ఆ కుర్చీ లాక్కోవే" అంది అక్క.

కుర్చీ లాక్కున్నాను. అక్కడ్నించి తెర ఏటవాలుగా కనిపిస్తుంది. వాళ్ళిద్దరూ మాత్రం తిన్నగా కనిపిస్తారు.

మొదటి చావు తోటమాలిది. కత్తెర మెడలో దిగగానే జామ్ గోడకు కొట్టింది.

"నాలుగు" అన్నారు టీచరమ్మ.

"అన్యాయం అత్తయ్యా! ఆరన్నా ఇవ్వండి."

"అరుపు బాగాలేదు. కళ్ళు ముందే తేలేశాడు. నాలుగే."

అక్క పగలబడి నవ్వింది. దిండు అవసరం లేదిప్పుడు. ఒక్కో చావుకు పదికి మార్కులు వెయ్యడం వాళ్ళ ఆట. ఎన్ని మధ్యాహ్నాలు కూర్చుంటే ఇలాంటి ఆట పుడుతుందో నాకు తెలుసు. రెండో చావుకు అయిదున్నర వచ్చింది. మూడోదానికి టీచరమ్మ ఏడు మార్కులిచ్చారు. అక్క చప్పట్లు కొట్టింది. "నువ్వెంత ఇస్తావే?" అని నన్నెవరూ అడగలేదు.

హాస్టల్లో మిగిలినవాళ్ళందరూ వంటగదిలో చేరారు. వాళ్ళలో ఒకరి ఒంట్లోకి వార్డెన్ ఆత్మ దూరి ఉంది. ఎవరో తేలాలి. అక్క ముందుకు వంగింది. టీచరమ్మ పల్లీ నోటి దగ్గర పట్టుకుని ఆగిపోయారు.

"వంటవాడు" అన్నాను. "వంటవాడి ఒంట్లో ఉంది. చివరికి వాణ్ణి పొయ్యిలోకి తోసి చంపుతారు."

అక్క సినిమా ఆపింది. తెర మీద వంటవాడు నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు.

"జవాబు తెలిస్తే చెయ్యెత్తాలి" అన్నారు టీచరమ్మ. "అరవకూడదు."

ఆవిడ గొంతులో కోపం లేదు. చేతిలో మిఠాయి లాక్కుంటే పిల్లలు పెట్టే మొహం ఆవిడ పెట్టుకుని ఉన్నారు. ఆ మొహం చూడాలనే వచ్చాను. చూశాక ఎక్కడ చూడాలో తెలియలేదు.

"చూసేశావా?" అంది అక్క.

"చూశాను."

"కావాలనేగా?"

"నువ్వూ చూశావుగా, నేను లేకుండా."

"నీ మీద కక్షతో చూశానా నేను? చెప్పు, కక్షతో చూశానా?" అక్క రిమోట్ సోఫాలో పడేసింది. "చిన్నపిల్లవా నువ్వు?"

"ఒక్కదానివే చూశావామ్మా?" అన్నారు టీచరమ్మ మధ్యలో.

"అవునండీ."

"భయం వేసిందా?"

"లేదండీ." ఆగి చెప్పాను. "నవ్వు కూడా రాలేదు."

ఆవిడ తల ఊపారు. తరువాత మోకాళ్ళ మీద చేతులు ఆన్చి లేవబోయారు. "మీ ఇద్దరి మధ్యా నేనెందుకు? మీరు చూసుకోండి."

"మీరు కూర్చోండత్తయ్యా" అని అక్క ఆవిడ భుజం పట్టి కూర్చోబెట్టింది. రిమోట్ తీసుకుని ఇంకో సినిమా కోసం తెర మీద సినిమాల బొమ్మలు జరపడం మొదలుపెట్టింది.

"ఇది?" అన్నారు టీచరమ్మ.

"మనం చూశాం కదండీ, శవపేటికలో పాము."

"ఇది?"

"అదీ మనమే చూశాం."

నేను కుర్చీలో గోళ్ళు చూసుకుంటున్నాను. ఇస్త్రీపెట్టె పట్టుకున్న దయ్యం బొమ్మ వచ్చింది. లాండ్రీలో కాలి చచ్చిపోయినామె, బట్టలు తీసుకోవడానికి వచ్చినవాళ్ళను వరసగా ఇస్త్రీ చేస్తుంది.

"ఇది నేనూ చెల్లీ చూశాం. పోయినేడు" అని అక్క జరపబోయింది.

"ఆగు" అన్నారు టీచరమ్మ. "నేను చూడలేదు."

"నేను చూశానండీ."

"అందుకే. నువ్వెళ్ళి రాత్రికి కూర చూసుకో. నువ్వు చూసిందే కదా. ఈ అమ్మాయి నాకు చూపిస్తుంది." నా వైపు తిరిగారు. "జవాబు మాత్రం చెప్పకు."

అక్క కదల్లేదు. "నేనూ మళ్ళీ చూస్తాను."

"వంకాయలు ఎవరు తరుగుతారు?"

అక్క లేచింది. నేను వెళ్ళి ఆమె చోట్లో కూర్చున్నాను. సోఫా ఇంకా వెచ్చగా ఉంది. టీచరమ్మ పక్కన కూర్చోవడం అదే మొదటిసారి. వీపు నిటారుగా పెట్టుకున్నాను.

మొదట్లో ఇద్దరం బిగుసుకునే ఉన్నాం. మొదటి చావుకు ఆవిడ మూడిచ్చి, నన్ను చూశారు. "రెండు" అన్నాను. "నువ్వు నాకన్నా పిసినారివి" అన్నారు. కాసేపటికి దయ్యం ఒక లావుపాటి మనిషిని బల్ల మీదికి పడగొట్టి ఇస్త్రీపెట్టె ఎత్తింది. పెట్టెలోంచి బుస్సుమని ఆవిరి. టీచరమ్మ నా చెయ్యి తట్టారు.

"వైరు చూడు."

చూశాను. ఇస్త్రీపెట్టె వైరు కింద ఊగుతోంది. ప్లగ్గు దేనికీ పెట్టలేదు. వైరు చివర అట్టముక్క కూడా ఉంది, కొన్నప్పుడు కట్టి ఉండేది. పోయినేడు అక్కా నేనూ ఇంత కళ్ళేసుకుని చూశాం, అది చూడలేదు.

"దయ్యం కదండీ, కరెంటు దానికదే వస్తుందేమో" అన్నాను.

"అట్ట కూడా విప్పలేదే! వారంటీ ఉందేమో."

నవ్వు ముందు ఆవిడకు వచ్చింది, బొంగురుగా, దగ్గుతో. తరువాత నాకు. ఆపుకుందామంటే ఆగలేదు, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

వంటింట్లో కత్తి చప్పుడు ఆగిపోయింది.

"ఏమైంది?" అంది అక్క అక్కణ్ణించే.

మేమింకా నవ్వుతూనే ఉన్నాం.

అక్క గుమ్మంలోకి వచ్చింది, చేతిలో సగం తరిగిన వంకాయతో. "ఏంటే? ఎందుకు నవ్వుతున్నారు? చెప్పండత్తయ్యా."

"నువ్వు చూసిందేగా" అన్నారు టీచరమ్మ, కళ్ళజోడు తుడుచుకుంటూ.

"చూశాను. ఇందులో నవ్వొచ్చేది ఏమీ లేదే?" అక్క తెర వైపు చూసింది, మా వైపు చూసింది. పెదవి కొరుక్కుంది. వెనక్కి తిప్పి చూపించమంటే చూపించేవాళ్ళమే. ఆ మాట మాత్రం అడగలేకపోయింది. "కొంచెం జరగవే" అంది చివరికి, మెల్లగా.

నాకు జాలి వేసింది. జరిగేంత జాలి మాత్రం వెయ్యలేదు.

"అడ్డు తప్పుకోక్కా" అన్నాను. "పెట్టె ఇప్పుడే వాడి చొక్కా కాలర్ దాకా వచ్చింది."

అక్క పక్కకు తప్పుకుని గోడకు ఆనుకుంది. టీచరమ్మ పల్లీల గిన్నె నా ఒళ్ళోకి జరిపి, ఆ లావుపాటి మనిషికి ఎనిమిది వేశారు.