గాజు తలుపు గదిలో అన్న మాట

"నీకేం పనుందమ్మా, ఇంట్లోనేగా ఉండేది" అని కొడుకు అన్నప్పుడు ఆమె చేతుల్లో తడి దుప్పటి ఉంది. రెండో కొస పట్టుకునేవాళ్లు లేక దాన్ని కుళాయికి చుట్టి మెలిపెడుతోంది. అయినా ఇవాళ్టి గొడవ దుప్పటి గురించి కాదు, లైబ్రరీ గురించి.

లైబ్రరీలో పాత పేపర్ల కట్టలు పడేసే గదిని ఖాళీ చేసి, గాజు తలుపు పెట్టి, గోడలకి మెత్తలు అంటించి, మైకు బిగించారు. అందులో కూర్చుని కథ చదివితే అది ఊళ్లోవాళ్ల ఫోన్లలోకి వెళ్తుంది. భర్త పోయాక ఆమె అక్షరాలు నేర్చుకున్నది ఆ లైబ్రరీలోనే. ఇప్పటికీ వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదువుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకి ఆ నిదానమే కావాలని లైబ్రేరియన్ అమ్మాయి పట్టుబట్టి మైకు ముందు కూర్చోబెట్టింది. మొదటిరోజు తలుపు వేశాక ఎవరైనా ఆపుతారేమోనని ఆమె గాజులోంచి బయటికే చూస్తూ కూర్చుంది. తను నోరు తెరిస్తే 'కాస్త ఆగుతావా' అనేవాళ్లు లేని గది ఒకటి ఉంటుందని అప్పటిదాకా తెలియదు మరి. తెలిశాక ఆగలేదు.

అక్కడే వచ్చింది చిక్కు. ఈమధ్య చదివిన ఒక కథలో ఇల్లాలు వండిపెట్టుకుని, తినకుండా మొగుడి కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. చదువుతున్న ఆమెకి ఒళ్లు మండింది. చదవడం ఆపేసి, "ముందు నువ్వు తినవే తల్లీ! నేనూ ఇలాగే కూర్చునేదాన్ని. మా ఆయన బయట కడుపునిండా తినేసొచ్చి, ఇంకా తినలేదా, నీకు బొత్తిగా తెలివిలేదు అనేవాడు" అని కథలోని ఆవిడకి బుద్ధి చెప్పి, నవ్వి, మళ్లీ చదువుకుంటూ పోయింది. లైబ్రేరియన్ హడావిడిలో మొత్తం వినకుండానే ఫోన్లలోకి వదిలేసింది.

"ఆఫీసులో అందరూ వింటున్నారమ్మా. పేరు లేకపోయినా నీ గొంతు గుర్తుపట్టేశారు. నన్ను చూస్తే చాలు, 'ఏం గురూ, బయట తినేసొచ్చావా' అంటున్నారు. నాన్న పరువు తీసేశావు. ఇవాళే వెళ్లి తీసెయ్యమను, లేదా అక్కడికి వెళ్లడమే మానెయ్."

"అసలు మీరు విన్నారా?" అంది వంటింట్లోంచి కోడలు.

"నాకెక్కడిది తీరిక?"

"నేను విన్నాను, గిన్నెలు తోముతూ. అత్తయ్యా, మొన్న గ్లాసు పగిలింది పిల్లి వల్ల కాదు. నవ్వాపుకోలేక నేనే వదిలేశాను."

కొడుకు ఇద్దరి వంకా చూసి, చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

లైబ్రరీకి వెళ్లే దారిపొడుగునా ఆమె తనలో తనే వాదించుకుంది. పోయినవాడి మీద చెప్పడం తప్పేనేమో. ఆయన చెడ్డవాడు కాదు. చెయ్యెత్తలేదు, తాగలేదు. 'నీకేం లోటు' అనేవాడు. లోటేమిటో ఆమె కూడా చెప్పలేకపోయేది. చల్లారిన అన్నం ఒంటరిగా తినడాన్ని ఏమంటారో ఎవరూ నేర్పలేదు. ఇంతమంది చెవుల్లో పడుతుందని తెలిస్తే ఆ మాట అనేదా? ఏమో. కానీ అన్నది అబద్ధం మాత్రం కాదు. ఆ గది పోతే? ఆ ఆలోచన రాగానే నడక నెమ్మదించింది.

లైబ్రరీలో ఒక బల్ల దగ్గర ఆడపిల్లలు కంప్యూటర్లో బొమ్మలు గీస్తూ కిచకిచలాడుతున్నారు. ఒకప్పుడు గట్టిగా తుమ్మినా అందరూ తలెత్తి చూసే చోటది.

"తప్పు నాదే పెద్దమ్మా, వినకుండా పెట్టేశాను" అంది లైబ్రేరియన్. "ఆ ముక్క నిమిషంలో కోసేస్తాను. కథ ఉంటుంది, మీ మాట ఉండదు. మీరెలా అంటే అలా."

"ముందు నన్ను విననీ."

చెవులకి హెడ్‌ఫోన్ పెట్టుకుంది. తన గొంతు బయటినుంచి వినడం అదే మొదలు. ఏడుపుగొట్టుగా ఉంటుందనుకుంది. లేదు. పిట్టగోడ మీద మోచేతులు ఆనించి పక్కింటావిడతో కబుర్లాడుతున్నట్టుంది. చివర ఆ నవ్వు! అది తనదేనా అని ఇంకోసారి పెట్టించుకుంది.

"కోసెయ్యనా?"

"వద్దు, ఉండనీ. కానీ చివర్లో 'చదివినది ఒక పాఠకురాలు' అని వేశావు చూడు, అది తీసేసి నా పేరు వెయ్యి. కోపమొచ్చినవాళ్లు మా అబ్బాయిని అడగడం దేనికి? నన్నే వచ్చి అడుగుతారు."