తిరిగి ఇవ్వాల్సిన పెట్టె

దబ్బనం గోనెలోంచి అవతలికి తేలగానే ఒకప్పుడు జంపక్క దాన్ని పంటితో పట్టి లాగేది. ముందు పళ్ళు రెండూ ఊడిపోయాక వేళ్ళతోనే లాగుతోంది. కొత్తగూడెంలోని భద్రాచలం రోడ్ స్టేషన్‌లో, పార్సిల్ గది బయటి రేకుల నీడలో, ఆమె ముందు ఒక మోటారు సైకిలు సగం గోనె తొడుక్కుని నిలబడి ఉంది. ట్యాంకులో పెట్రోలు తీసేశారు. అద్దాలు విప్పిన చోట వరిగడ్డి చుట్టి పురికొసతో బిగించింది. ఇప్పుడు సీటు మీద గోనె అంచులు రెండూ కలిపి కుడుతోంది. బండి విజయనగరం పోతుంది. బండి మనిషి బదిలీ మీద ముందే వెళ్ళిపోయాడు.

ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆమె పని ఇదే. తరలిపోయేవాళ్ళ మంచాలు, కుట్టుమిషన్లు, బండ్లు గోనెలో పెట్టి కుట్టడం. బడికి పోలేదు. సామాను మీద అతికించే చీటీలు చూసి చూసి అక్షరాలు పట్టుకుంది. మొదట ఊళ్ళ పేర్లు, తర్వాత మనుషుల పేర్లు, ఆ తర్వాత పకోడీ పొట్లాల కాగితాలు, దొరికిందల్లా. బల్లార్షా, దానాపూర్, గుంటూరు. ఆమె చదవగలిగిన ఊళ్ళు వందల్లో ఉంటాయి. చూసినవి నాలుగే: పుట్టిన గూడెం, బూర్గంపాడు, భద్రాచలం, ఈ కొత్తగూడెం.

చాయ్ గ్లాసు పక్కన పెట్టి దుర్గ వంగి చూసింది. స్టేషన్ గేటు దగ్గర చాయ్ బండి ఆమెది.

"ఇయ్యాల నీ కుట్టు వంకర పోతున్నదక్కా. మనసు ఏడున్నదే?"

"ఏడుంటది. నీ చాయ్ లెక్కనే పల్చగున్నది."

"పుష్ప ఇయ్యాలనే గదా పోయేది?"

"అవ్. అయిదింటి పట్నం బస్సుకు."

"సైకిలు గూడ విమానంలనేనట గదా! మనకు ప్యాసింజర్ బండిల నిలబడ జాగ దొర్కదు, సైకిలేమో మబ్బులల్ల పోతదట." దుర్గ నవ్వింది. జంపక్క నవ్వలేదు. వంకర పోయిన నాలుగు కుట్లూ విప్పి మళ్ళీ కుట్టింది.

పుష్ప ఆమె ఇంటి ముందుగదిలో కిరాయికి ఉంటోంది. జూలూరుపాడు అవతలి తండా పిల్ల. మూడేళ్ళ కింద తల్లి కమ్లి కాలేజీ చదువు కోసం తీసుకొచ్చి దింపి, "నీ పిల్లే అనుకో అక్కా" అని చెప్పి పోయింది. ఆ మాట కమ్లి మర్యాదకే అని ఉంటుంది. జంపక్క మాత్రం నిజమనే అనుకుంది. రోజూ తెల్లవారుతుండగా పుష్ప సైకిలు మీద పాల్వంచ దాకా పోయి తిరిగి వచ్చేది. సందు మలుపు తిరిగాక తొక్కడం ఆపేస్తే చక్రం టిక్ టిక్ మంటూ వినపడేది. ఆ చప్పుడు విన్నాకే జంపక్క పొయ్యి మీద నీళ్ళు పెట్టేది. వాన రోజుల్లో అది కాస్త ఆలస్యమైతే వాకిట్లోకీ వీధిలోకీ పది సార్లు తిరిగేది. లారీలు, బొగ్గు టిప్పర్లు, ఏవేవో కళ్ళ ముందుకొచ్చేవి.

ఇప్పుడు ఢిల్లీలో సైకిలు పందేల శిక్షణ శిబిరానికి పిలుపు వచ్చింది. ఎల్లుండి పోటీ పెట్టి చూస్తారు. నెగ్గితే రెండేళ్ళు అక్కడే. ఎవరి సైకిలు వాళ్ళే తెచ్చుకోవాలి. కబురు ఆలస్యంగా అందడంతో రైలుకు వ్యవధి లేదని కాలేజీ వ్యాయామం సారు ప్రభాకర్ విమానం టికెట్టు తీయించాడు.

నిన్న సాయంత్రం ఆయనే వచ్చి అడిగాడు. "సామాన్లు కట్టుడుల నీకంటె తెలిసినోళ్ళు లేరవ్వా. ఏంట్ల పెడదామో నువ్వే చెప్పు."

ఉన్నవి రెండు. ఒకటి సైకిలు కొట్లో అడిగి తెచ్చిన అట్టపెట్టె, కొత్త సైకిళ్ళు దిగుమతి అయ్యేది. రెండోది శ్యామల మేడం ఇచ్చిన నల్లటి గట్టి పెట్టె. ఆమె పక్క వీధిలో ఉండే డాక్టరమ్మ, ఆదివారాలు సైకిలు తొక్కుతుంది. ఆ పెట్టెకు కింద చక్రాలు, లోపల మెత్తటి నురుగు పరుపు, తాళం. "డిసెంబర్‌లో నాకు కావాలి, జాగ్రత్తగా తెచ్చివ్వమను" అని చెప్పి పంపింది.

డిసెంబర్ అన్న మాట చెవిన పడగానే జంపక్క తేల్చేసింది. "గట్టిదే మంచిది. దాంట్లనే పెట్టుర్రి."

అందరూ ఆమె సైకిలు క్షేమం చూస్తోందనుకున్నారు.

ఆమె లెక్క వేరు. భర్త సమ్మయ్య చంద్రపూర్ గనుల్లో కాంట్రాక్టు పనికని పోయే ముందు వారం రోజులు ఇల్లిల్లూ తిరిగి తెచ్చినవన్నీ ఇచ్చేశాడు. పక్కింటి నిచ్చెన, ఎవరిదో గొడుగు, టైలరు దగ్గర తెచ్చిన కత్తెర. ఎంత బుద్ధిమంతుడని మురిసిపోయింది. ఆరు నెలల్లో వస్తానన్నవాడు పంతొమ్మిదేళ్ళయినా రాలేదు. ఎక్కడో బతికే ఉన్నాడని ఒకరిద్దరు చెప్పారు. తిరిగి ఇవ్వాల్సింది ఏదీ లేని మనిషికి తిరిగి రావాల్సిన పని ఏముంటుందని ఆమెకు చాలా ఆలస్యంగా తట్టింది. అప్పటినుంచీ తనవాళ్ళెవరినీ వట్టి చేతులతో పంపలేదు. జల్లెడో, దుప్పటో, ఏదో ఒకటి చేతిలో పెట్టి, "మళ్ళొచ్చేటప్పుడు తే" అనేది.

మధ్యాహ్నం ఇంటికి వచ్చేసరికి ప్రభాకర్ సారు ముందుగదిలో స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. చేతిలో కొక్కెం ఉన్న తూకం. పుష్ప సైకిలును బోర్లా నిలబెట్టి చక్రాలు విప్పుతోంది. సన్నటి పిల్ల, మోచేతుల దాకా గ్రీసు.

"ఉత్త పెట్టెనే పదకొండున్నర కిలోలున్నదవ్వా" అన్నాడు సారు. "సైకిలు తొమ్మిదిన్నర. రెండు గల్పితె ఇరవై ఒకటి. పదిహేను దాటొద్దంటరు."

"దాటితె ఏమైతది? పైన పైసలు కట్టాలె, అంతే గదా. నేను కడ్త."

"కట్టుడు సంగతి గాదు. హాస్టల్ల ఒక్కో గదికి నలుగురు పిల్లలు. గింత పెట్టె ఏడ పెట్టుకుంటది? దీంట్లనే పండాలె ఇగ."

"మంచం కింద పెట్టుకుంటది."

"అది పట్టే మంచం ఇంకా పుట్టలే."

"అట్టపెట్టె నాని చినుగుతది సార్. పోరి కష్టమంత మట్టిల కలుస్తది. గట్టిదే ఉండనీ." ఆమె గొంతు పెరిగింది. సారు పుష్ప వైపు చూశాడు.

పుష్ప పానా కింద పెట్టి ముఖం మోచేత్తో తుడుచుకుంది. అవ్వ మనసు నొప్పించడం ఆ పిల్లకు చేతకాదు.

"పోనీ గట్టిదాంట్లనే తీస్కపోత సార్. ఆడ సైకిలు దించుకొని, ఉత్త పెట్టె రైలు పార్సిల్ల వేస్త. ఈడ అవ్వనే ఉంటది గదా, ఇడిపించుకొని మేడంకు ఇస్తది. నాకు రానీకి వీలైనా కాకపోయినా పెట్టెయితె టైంకు వస్తది."

ఆ పిల్ల ఎంతో తేలిగ్గా చెప్పింది. ఏ కష్టమూ లేని ఉపాయం.

జంపక్క గోడకు ఆనుకుని కూర్చుంది. ఆమె చెల్లెలు బూర్గంపాడులో ఉండేది. ఇత్తడి చెంబు ఒకటి ఇచ్చి పంపితే ఏటా దాన్ని పట్టుకుని వచ్చేది. "నీ చెంబు తెచ్చిన" అంటూ దిగి, నాలుగు రోజులుండి, మళ్ళీ దాన్నే పట్టుకుని పోయేది. పదేళ్ళు అలా నడిచింది. ఒక ఏడు చెంబు వచ్చింది, చెల్లెలి కొడుకు చేతిలో. చింతపండుతో తోమి, పేపరులో చుట్టి తెచ్చాడు. "అమ్మ పోయేముందు చెప్పింది పెద్దమ్మా, ఇది నీదంట" అన్నాడు.

ఇప్పుడీ నల్లటి పెట్టె తన పార్సిల్ గది ముందే దిగుతుంది. చీటీ తనే చదవాలి. కదిపి చూడాల్సిన పని కూడా ఉండదు. లోపల ఏమీ లేదని ముందే తెలుసు.

"అట్టపెట్టె ఇటు తే" అంది.

సారు తెల్లబోయాడు. "ఇంతసేపు గట్టిది గట్టిది అంటివి?"

"లోపలేమున్నదో తెల్వని పెట్టెను ఎవడైనా ఇసిరికొడ్తడు సార్. గట్టిగున్నది, ఏం గాదులే అనుకుంటడు. ఇగో, లోపల సైకిలున్నదని తెలిస్తె నిమ్మళంగ దించుతడు. ముప్పై ఏండ్ల సంది చూస్తున్న."

ఈ మాట ఆమెకు నిన్ననే తెలుసు. చెప్పలేదు.

ఇక ఆమె చేతులు ఆగలేదు. అట్టపెట్టె అడుగున ఇంకో అట్ట పరిచి మూలలు బిగించింది. వరిగడ్డి కోసం చెయ్యి చాచితే సారు వద్దన్నాడు, విమానంలో గడ్డి రానివ్వరట. ట్రంకులోంచి తన పాత నేత చీర తీసి నిలువునా చించింది. వెనక గేరు విప్పించి దానికి రెండు మడతలు చుట్టింది. చక్రం తీసేసిన ముందు ఫోర్కు నొక్కుకుపోకుండా మధ్యలో చెక్కముక్క కొలిచి పెట్టింది. పెడళ్ళు విప్పించి, హ్యాండిలు ఫ్రేముకు పక్కగా కట్టింది. టైర్లలో గాలి తీయాలన్నాడు సారు. పుష్ప ట్యూబు మూతి మీద గోరు నొక్కి పట్టుకుంది. సన్నగా, చాలాసేపు, గాలి పోయింది.

తూకం పద్నాలుగు చూపించింది.

మూత అతికించాక, సారు జేబులోని లావు పెన్ను అడిగి తీసుకుని, పెట్టె రెండు వైపులా సైకిలు బొమ్మ గీసింది. రెండు సున్నాలు, మధ్యలో గీతలు. చదువు రానివాడి చేతికి కూడా తెలియాలి గదా. సారు చీటీ రాయబోతూ, "పంపినోళ్ళ పేరు ఎవరిది రాయాలె?" అన్నాడు.

"అవ్వ పేరే రాయి సార్" అంది పుష్ప.

జంపక్క, కొత్తగూడెం. ఆమె దాన్ని రెండుసార్లు చదివింది. ఇన్నేళ్ళలో ఏ చీటీ మీదా కనపడని పేరు.

దారిలో తినడానికి పులిహోర కలిపింది. గూట్లోంచి స్టీలు డబ్బా తీసి, మూత తుడిచి, కాసేపు చేతిలో పట్టుకుని నిలబడింది. మళ్ళీ గూట్లో పెట్టేసింది. అడ్డాకుల విస్తరి పరిచి, పులిహోర అందులో పెట్టి, దారంతో కట్టింది. తిన్నాక పారేస్తే చాలు.

బస్టాండులో కండక్టరు కోటేష్ పెట్టె చూసి మొహం చిట్లించాడు. "ఏందమ్మా గిది, ఫ్రిజ్జా?" అంటూనే బొమ్మ చూశాడు. "ఓ, సైకిలా. నిలబెట్టుర్రి, నిలబెట్టుర్రి. దీని మీద ఏం వేయకుర్రి." డిక్కీలో సంచులు జరిపి చోటు చేశాడు. జూలూరుపాడు దగ్గర కమ్లి రోడ్డు మీదికి వచ్చి ఉంటుందని, ఒక్క నిమిషం ఆపమని సారు చెబితే సరేనన్నాడు.

పుష్ప మెట్టు మీద నిలబడి అవ్వ చెయ్యి పట్టుకుంది. ఆ పిల్ల కళ్ళు ఎర్రబడ్డాయి. జంపక్కకు చెప్పాలనుకున్నవి చాలా ఉన్నాయి. నోటికి వచ్చింది ఒక్కటే.

"ఎడమ పెడలు ఎనక్కి తిప్పి బిగియ్యాలె. మర్వకు."

"మర్వనవ్వా."

"ఎదురు తిప్పితె మర పోతది."

"అవ్, తెలుసు."

బస్సు కదిలింది. కిటికీలోంచి చెయ్యి కాసేపు ఊగింది. తర్వాత వెనక అద్దం మీద ఎండ పడి ఏమీ కనపడలేదు.

ఇంటికి వచ్చి, నల్లటి పెట్టెను చక్రాల మీద దొర్లించుకుంటూ పక్క వీధికి తీసుకెళ్ళింది. "పనికి రాలేదా?" అని అడిగింది శ్యామల మేడం. "మంచి పెట్టె మేడం. బరువైంది" అని చెప్పి, వచ్చేసింది.

పొద్దు వాలుతోంది. ముందుగది ఊడుద్దామని తలుపు వారగా తోసింది. తలుపు వెనక పుష్ప గాలి పంపు నిలబడి ఉంది. అక్కడ అందరికీ కలిపి ఒకటి ఉంటుందని వదిలేసిందేమో. ఇన్నాళ్ళూ తనది ఒకటి ఇచ్చి పంపడమే గానీ, పోయేవాళ్ళది తన దగ్గర మిగలడం జంపక్కకు ఇదే మొదలు. పిడి పైకి లేచే ఉంది. దానికి చుట్టిన ఎర్ర గుడ్డపీలిక, చేతులు పట్టే రెండు చోట్ల, చెమటకు నల్లబడి మెరుస్తోంది.