దీపాలు వెలిగాయా?

మా అక్క మొండితనం మామూలు మొండితనం కాదు. పనిలో ఉన్నదాన్ని లాక్కొచ్చి, కెమెరా స్టాండు నా భుజాన పెట్టి మేడ మీదికి తోలింది. "నేనేమన్నా నీ కూలీనా?" అంటే, "కూలీ అయితే ఇంత వాగదు, పద" అంది.

అక్క ఊరిని ఫొటోలు తీస్తుంది. క్యాలెండర్లలో, పేపర్ల ఆదివారం పేజీల్లో వచ్చేవి చాలావరకు ఆమె తీసిన సాయంత్రాలే. పొద్దు గూకాక, ఆకాశంలో నీలం మిగిలుండగానే ఊళ్ళో దీపాలు వెలుగుతాయి. కాసేపు పైవెలుగూ కిందివెలుగూ సరిసమానంగా ఉంటాయి. అక్క దాన్ని 'తూకం' అంటుంది. తూకం కుదిరితే తప్ప బటన్ మీద వేలు వెయ్యదు.

ఈమధ్య అక్క కంటి లోపలి పొర దెబ్బతింటోందని డాక్టరు చెప్పాడు. మందు లేదన్నాడు. మసక వెలుతుర్లో చూపు ముందు పోతుందని, తర్వాత పగలూ అంతేనని అన్నాడు. అక్క నమ్మలేదు. పొద్దున ఫోన్ చేసి, "ఇవాళ ఒక్కటి తీసి చూస్తానే. కుదిరితే పని మానను. కుదరకపోతే కెమెరా ఎవరికన్నా ఇచ్చేస్తా" అంది.

పిట్టగోడ పక్కన తడుముకోకుండా స్టాండు బిగించింది. పొద్దు గూకింది. నీళ్ళ ట్యాంకులు, కేబుల్ తీగలు, దూరంగా వంతెన నీలంగా మారాయి. కాసేపటికి వంతెన మీద దీపాలు వరసగా వెలిగాయి. కిటికీలు వెలిగాయి. దుకాణాల బోర్డులు వెలిగాయి. నేను అక్క వేలివంకే చూస్తున్నాను. అది కదల్లేదు.

"ఇంకా దీపాలు వెయ్యలేదేంటే? నీకేమన్నా కనిపిస్తున్నాయా?"

వెలిగాయని చెప్పడానికి మనసొప్పలేదు. "కరెంటు పోయినట్టుందక్కా" అన్నాను.

"ఖర్మ! ఇవాళే పోవాలా?" అని నవ్వింది. "వచ్చేస్తుందిలే, ఆగుదాం."

అంతలో మా వెనకున్న గదిలోంచి లిఫ్టు మోటారు గుర్రుమంది. అక్క అటు తల తిప్పింది.

"కరెంటు లేకపోతే లిఫ్టెలా నడుస్తోందే?"

"జనరేటరేమో..."

"నిజం చెప్పు."

ఏడుపు ఆపుకోలేకపోయాను. "వెలిగాయక్కా. ఊరంతా వెలిగింది."

 అక్క కళ్ళు చికిలించి వంతెన ఉన్నవైపు చూస్తూ నిలబడింది. నేను కళ్ళు తుడుచుకుని తలెత్తాను. ఆకాశం ఇంకా నీలంగానే ఉంది. పైనా కిందా ఒకే వెలుగు. ఇన్నేళ్ళూ ఆమె చెబితే వినడమే గానీ, తూకం అంటే ఏంటో నాకప్పుడు తెలిసింది.

"అక్కా, ఇదేనే తూకం! నొక్కు, నొక్కు!" భుజం పట్టుకుని ఊపేశాను.

"ఊరుకోవే. నన్ను ఊరడించడానికి ఎన్ని చెప్తావు?"

"నీ మీద ఒట్టు. నా మాట నమ్ము. నా కళ్ళతో తియ్యి."

"నాకు కనపడకపోతే అలాగే తీద్దామనుకున్నా. నిన్ను వెంటపెట్టుకొచ్చింది అందుకే" అంది అక్క. గొంతులో కోపం లేదు. కోప్పడినా బాగుండేది. "నువ్వు చెబితే నొక్కేదాన్ని. ఇప్పుడు నువ్వు చెప్పేది నిజమో కాదో ఎలా తెలుస్తుందే నాకు?"

మూత వెతికి లెన్సుకి బిగించింది. వంతెన వెనక నీలం ఇంకా ఉంది. నేనెంత బతిమాలినా అక్క ఆ మూత తియ్యలేదు.